అయిదో తరగతికి ఊరి బడా, గురుకులమా, టౌన్ బస్సా?

జూన్ 12న బడి తెరుస్తారనగానే దేవరకొండ పక్కన మా అక్కవాళ్ల ఊళ్లో మే నెల చివరి నుంచే ఇదే ముచ్చట. ఈసారి మా మేనకోడలి వంతు. నాలుగో తరగతి అయిపోయింది. "ఏం జేద్దాం తమ్మీ?" అని అక్క అడిగితే ముగ్గురం అరుగు మీద కూర్చుని లెక్కలేశాం.

బావ మనసంతా ప్రైవేటు మీదే. పసుపు బస్సు, మెడలో టై, ఊళ్లో పరువు. ఫీజు 26 వేలు, బస్సుకు 11 వేలు. పుస్తకాలు, బెల్టు, బూట్లు వాళ్ల దగ్గరే కొనాలి. పక్కింటి పిల్లాడు అందులోనే పోతాడు. ఉదయం 7 దాటగానే ఎక్కితే ఊళ్లన్నీ తిరిగి స్కూలు చేరేసరికి పావు తక్కువ తొమ్మిది. సాయంత్రం వచ్చి బూట్లతోనే మంచం మీద పడి నిద్రపోతాడు. ఇంగ్లీష్ పాఠం చదవరా అంటే పుస్తకం చూడకుండానే గడగడా అప్పజెప్పాడు. మధ్యలో ఒక మాట మీద వేలు పెట్టి ఇదేంటని అడిగితే, మళ్లీ మొదటి నుంచి ఎత్తుకున్నాడు. ఆ 37 వేలు దీనికా అని నేను అనలేదు. అక్కే అంది.

గురుకులం మాట వేరు. చేర్చుకునేదే అయిదుకి. నాలుగులో ఉండగానే పరీక్ష రాయించాం, సీటొచ్చింది. ఇంటర్ దాకా తిండి, బట్ట, పుస్తకం అన్నీ వాళ్లవే. ఈ ఆలోచన మనకు కొత్తేం కాదు. 1971లో పి.వి.నరసింహారావు చొరవతో అప్పటి నల్లగొండ జిల్లా సర్వేల్‌లోనే గురుకులం మొదలైంది. పాలమూరు నుంచి ముంబై, పుణె వలస పోయేవాళ్లకైతే నేను రెండో మాట చెప్పను, గురుకులమే. లేదంటే పిల్ల ముసలవ్వ దగ్గరన్నా ఉండాలి, అమ్మానాన్నలతో పని జరిగేచోటన్నా ఉండాలి. గద్వాల వైపు విత్తన పత్తి పూలను చేత్తో క్రాసింగ్ చేసే రోజులొస్తే బడిలో పేరుంటుంది, పిల్ల చేనులో ఉంటుంది. హాస్టల్‌లో ఉంటే ఆ బాధ లేదు.

కానీ అక్క వలస పోవట్లేదే! తొమ్మిదేళ్ల పిల్ల, ట్రంకు పెట్టె తాళంచెవి తాడుకు కట్టి మెడలో వేసుకుని తిరగాలి. మా వీధిలో ఒకమ్మాయి అలాగే పోయింది. దసరా దాకా ఫోన్లో ఒకటే ఏడుపు. దసరా సెలవులకొచ్చి మూడో రోజుకే "ఎప్పుడు తోలుతరు?" అని గొడవ. పిల్లలెట్లా ఉంటారో ముందే చెప్పలేం.

ఇక ఊరి బడి. 38 మంది పిల్లలు, అయిదు తరగతులు, ఇద్దరు టీచర్లు. ఒకరు సెలవు పెట్టినా, డిప్యుటేషన్ మీద పోయినా అయిదు తరగతులూ ఒకే గదిలో. అసలు టెన్షన్ ఇదే. రంగులు, గేటు, డిజిటల్ బోర్డు కాదు, టీచర్లు ఎందరో లెక్కపెట్టమని చెప్పాను. మంచి సంగతులూ ఉన్నాయి. పుస్తకంలో ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీష్. అక్కలాంటి వాళ్లకు కూర్చోబెట్టి చదివించడానికి వీలు. యూనిఫాం మహిళా సంఘం వాళ్లే కుడతారు. బడి బాగోగులు చూడ్డానికి 2024లో వచ్చిన అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలో అక్క కూడా ఉంది కాబట్టి సారు రాకపోతే అడిగే నోరు ఇంట్లోనే ఉంది.

ఇంకోటి చాలామంది చూడరు. కేంద్రం నడిపే హాస్టల్ బడి నవోదయలో ఆరుకి చేరడానికి అయిదులో పరీక్ష రాయొచ్చు. నల్లగొండ వాళ్లకు చలకుర్తిలో ఉంది, నాగర్‌కర్నూల్ వాళ్లకు వట్టెంలో. అది రాకపోయినా, హైస్కూల్‌కు వెళ్లాక ఎనిమిదిలో ఎన్‌ఎంఎంఎస్ అనే కేంద్రం స్కాలర్‌షిప్ పరీక్ష రాసి గెలిస్తే తొమ్మిది నుంచి ఇంటర్ దాకా ఏడాదికి 12 వేలు. అది మామూలు సర్కారు బడి పిల్లలకే గానీ ప్రైవేటుకూ, గురుకులాలకూ రాదు.

నా ఓటు ఊరి బడికే. అమ్మ ఇంట్లో ఉంది, బడి నాలుగడుగుల్లో ఉంది. పోగొట్టుకునేది ఒకటే, గురుకులం సీటు. మళ్లీ కావాలంటే ఆరు నుంచి మిగులు సీట్లకు పరీక్ష రాయాలి, అవి కొన్నే ఉంటాయి. ఈ మాట అక్కకు రెండుసార్లు చెప్పాను.

బావ ఇప్పటికీ బస్సు ముచ్చటే చెప్తున్నాడు. అక్క మాత్రం నిన్న సంఘం దగ్గరికి పోయి పిల్ల యూనిఫాం కొలతలు ఇచ్చి వచ్చింది.