నల్లగొండలో ఒక వకీలు గారి సలహా సేవ: మా అనుభవం

మోకాలి శస్త్రచికిత్స తరువాత మా అమ్మకు చీము పట్టిన విషయంలో, నల్లగొండ కోర్టు దగ్గరున్న ఒక వకీలు గారి ఆఫీసుకు రెండుసార్లు వెళ్లాము. ఆయన మొదట అడిగింది కేస్ షీటు, అంటే ఆసుపత్రిలో చికిత్స వివరాలు రాసే రికార్డు. రాతపూర్వకంగా కోరితే 72 గంటల్లో రికార్డులు ఇవ్వాలని 2002 నాటి వైద్య నియమావళి చెబుతోందని వివరించి, దరఖాస్తును అప్పటికప్పుడే రాయించారు. ఫలితం చెడినంత మాత్రాన నిర్లక్ష్యం కాదనీ, 2005లో జాకబ్ మాథ్యూ కేసులో సుప్రీంకోర్టు చెప్పినట్లు క్రిమినల్ కేసుకు తీవ్రమైన నిర్లక్ష్యం ఉండాలనీ, వినియోగదారుల కమిషన్‌లో పరిహారం కోరడానికి గడువు రెండేళ్లేననీ మొహమాటం లేకుండా చెప్పడం నాకు నచ్చింది. చికిత్స హైదరాబాదులో జరిగినా, 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మేముండే జిల్లాలోనే ఫిర్యాదు వేయవచ్చునన్నది నాకు కొత్త సంగతి.

రెండోసారి వెళ్లినప్పుడు, జ్వరం చార్టులో రెండు రోజుల గడులు ఖాళీగా ఉండటాన్ని ఆయన పెన్సిలుతో చుట్టి చూపారు. మేము ఆ కాగితాన్ని పదిసార్లు తిరగేసినా గమనించలేదు. అయితే ఫీజు ఎంతో ముందుగా చెప్పరు, జూనియరు ఫోను ఎత్తరు. నిపుణుడైన మరో డాక్టరు అభిప్రాయం సంపాదించే పనిని, అంటే అసలు కష్టమైన పనిని, మా మీదే వదిలేశారు.