తడి చెత్త ఇంట్లోనే ఆగితే: విశాఖలో చెత్త సేవలు ఏళ్ల తరబడి వాడిన అనుభవం

పెదవాల్తేరులో మూడో అంతస్తులో మా ఇల్లు. ఇంట్లో నలుగురం. చెత్త వదిలించుకోవడానికి ఈ ఊళ్లో ఉన్న దారులన్నీ కొన్నేళ్లుగా వాడుతూనే ఉన్నాను. పొద్దున్నే వచ్చే చెత్త బండి, పాత సామాన్లు కొనే అతను, ఫోనులో పిలిస్తే వచ్చే యాప్ సేవ, డాబా మీద తడి చెత్తను ఎరువుగా మార్చే కంపోస్టు డ్రమ్ము. మధురవాడలో కొత్తగా ఇల్లు తీసుకున్న మా చెల్లెలు వీటిలో ఏది మంచిదో చెప్పమంది. డ్రమ్ము అన్నాను. "అది సేవ కాదు కదక్కా, నీ సొంత చాకిరీ" అంది. నిజమే, కానీ తక్కిన మూడూ సరిగ్గా పని చేయాలంటే ముందు ఆ చాకిరీ జరగాలి.

ముందు బండి సంగతి. 2021 అక్టోబరు 2న రాష్ట్రంలో క్లాప్, అంటే క్లీన్ ఆంధ్రప్రదేశ్ కార్యక్రమం మొదలైంది. ఆకుపచ్చ, నీలం, ఎరుపు డబ్బాలు వచ్చాయి. ఆకుపచ్చది తడి చెత్తకు, నీలంది పొడి చెత్తకు, ఎరుపుది డైపర్లు, శానిటరీ ప్యాడ్లు, గడువు తీరిన మందుల వంటి వాటికి. దానితోపాటే చెత్త పన్ను కూడా వచ్చింది. దాని మీద మా మెట్ల దగ్గర జరిగినన్ని చర్చలు శాసనసభలో జరిగి ఉండవు. 2024 అక్టోబరులో పన్ను రద్దు చేస్తున్నట్లు ప్రభుత్వం ప్రకటించింది. పన్ను ఉన్నప్పుడూ, పోయాకా బండి రాకలో నాకు తేడా కనిపించలేదు. జోరున వాన కురిసే రోజుల్లోనూ దాని పాట వినిపిస్తుంది. పండగ మర్నాడు కాస్త ఆలస్యమవుతుంది, అంతే. వేళ తప్పకుండా రావడం ఒక్కటే చూస్తే ఈ నాలుగింటిలో బండికే మొదటి మార్కు.

కానీ బండి ఎంత బాగా వచ్చినా, దానికి మనం ఏమి అందిస్తున్నామన్నది వేరే సంగతి. మా అపార్టుమెంటులో సగం ఇళ్లవాళ్లు ఒకే నల్ల కవరు కింద పెడతారు. అందులో నిన్నటి సాంబారు, పుట్టినరోజు కేకు పెట్టె, బిడ్డ డైపరు, చిరిగిన చెప్పు అన్నీ కలిసే ఉంటాయి. నగరాల శుభ్రతకు కేంద్రం ర్యాంకులిచ్చే స్వచ్ఛ సర్వేక్షణ్‌లో పెద్ద నగరాల వరసలో విశాఖకు 2020లో తొమ్మిదో స్థానం, 2022లో నాలుగో స్థానం వచ్చాయి. ఆ ర్యాంకు కబురు మా మెట్ల కింది నల్ల కవర్లకు ఇంకా అందలేదు.

బండి వెంట వచ్చే ఆవిడ పనితనం ఒకసారి దగ్గరగా నిలబడి చూడండి. బండి పక్కన ఒక గోనె సంచి వేలాడుతూ ఉంటుంది. డబ్బా అందుకున్న చేత్తోనే బరువు అంచనా వేసి, ఏది తడో ఏది పొడో మూత తీయకుండానే చెబుతుంది. పొడి డబ్బా ఒంపేటప్పుడు నీళ్ల సీసాలు, అట్టముక్కలు చటుక్కున లాగి సంచిలో వేస్తుంది. అవి అమ్మితే ఆవిడకు నాలుగు రూపాయలు వస్తాయి. నల్ల కవరు వచ్చినప్పుడు మాత్రం ముడి విప్పకుండా అలాగే లోపలికి విసిరేస్తుంది. కూర అంటిన అట్టను ఎవరూ కొనరు, పులుసు కారుతున్న కవరులో చెయ్యి పెట్టమని ఆవిడను అడిగే హక్కు మనకు లేదు. తడీ పొడీ వేరు చేయాలని ఘన వ్యర్థాల నిర్వహణ నిబంధనలు 2016లోనే చెప్పాయి. ఆ వేరు చేసే చోటు వంటింటి గట్టే, బండి కాదు.

ఊరి చెత్త చివరకు భీమిలి దారిలోని కాపులుప్పాడకు చేరుతుంది. అక్కడ చెత్తను కాల్చి కరెంటు తీసే 15 మెగావాట్ల కేంద్రం 2022 నుంచి నడుస్తోంది. మన దేశపు నగరాల్లో ఇళ్ల నుంచి వచ్చే చెత్తలో దాదాపు సగం తడిదే. తడిది కొలిమిలో పడితే ముందు అందులోని నీరంతా ఆవిరి కావాలి, ఆ తర్వాతే వేడి పుడుతుంది. మామిడి తొక్కలు, పుచ్చకాయ చెక్కలు అంత దూరం మోయించి పంపడమంటే డీజిలు ఖర్చు పెట్టి నీళ్లను కాల్చడానికి పంపడమే. డ్రమ్ము కొనాలని నాకు గట్టిగా అనిపించింది ఈ లెక్క తెలిశాకే.

డ్రమ్ము అంటే పెద్ద యంత్రమేమీ కాదు. పాత ప్లాస్టిక్ డ్రమ్ముకు ప్లంబరు చేత చుట్టూ, అడుగునా రంధ్రాలు పెట్టించి, ఇటుకల మీద నిలబెట్టాను. అడుగున కొబ్బరి పీచు, దాని మీద ఎండుటాకులు, ఆపైన రోజూ వంటింటి తొక్కలు. ప్రతిసారీ తొక్కల మీద రెండు గుప్పిళ్ల ఎండుటాకులో కొబ్బరి పొట్టో కప్పాలి. మొదట్లో పులిసిన మజ్జిగలో కాస్త బెల్లం కలిపి చల్లితే సూక్ష్మజీవులు త్వరగా అందుకుంటాయి. వారం తిరిగేసరికి మధ్యలో చెయ్యి పెడితే వేడి తెలుస్తుంది. పని జరుగుతోందనడానికి అదే గుర్తు. వేసవిలో రెండు నెలలకు నల్లటి ఎరువు దిగుతుంది.

ఈ ఊళ్లో ఇబ్బందంతా సముద్రపు గాలితో, వానలతోనే. జూన్ దాటితే డ్రమ్ములో తేమ ఆరదు. గుప్పెడు తీసి పిండితే ఒకటి రెండు చుక్కలు రాలాలి. ధారగా కారిందంటే లోపల గాలి ఆడడం లేదు, వాసన ఖాయం. అలాంటి ఒక వానాకాలపు పొద్దున్న కింది అంతస్తు పెద్దాయన పైకొచ్చి, "ఏమ్మా, డాబా మీద పశువుల కొట్టం పెట్టారా?" అని అడిగారు. కర్రతో అడుగుదాకా కలియబెట్టి, ఒక సంచెడు ఎండుటాకులు దింపితే రెండు రోజుల్లో వాసన పోయింది. అప్పటి నుంచి ఆకులు ముందే దాచుకుంటున్నాను. మా వీధి చివర బాదం చెట్లు ఎర్రబడి ఆకు రాల్చే రోజుల్లో వీధి ఊడ్చే అతన్ని అడిగితే రెండు గోనె సంచులు నింపి ఇస్తాడు. ఎలాగూ పారబోయాల్సినవే కాబట్టి అతనికీ సంతోషమే.

తెల్లటి పురుగులు కనిపిస్తే భయపడి డ్రమ్ము పారేసినవాళ్లు మా వరసలో ఇద్దరున్నారు. అవి చాలావరకు ఒక రకం నల్ల ఈగ పిల్లలు. మనల్ని ఏమీ చేయవు, తొక్కల్ని మనకంటే శ్రద్ధగా తింటాయి. మూత బిగించి, పైన ఆకులు మందంగా కప్పితే తగ్గిపోతాయి. రొయ్యల పొట్టు, చేప తలలు మాత్రం నేను డ్రమ్ములో వేయను. డాబా మీదికి పిల్లులు వస్తాయి. ఆదివారం నాటి ఆ పొట్లం ఆకుపచ్చ డబ్బాలోనే పోతుంది. నూనె ఊరిన ఆవకాయ ముక్కలు కూడా వద్దు, ఉప్పు ఎక్కువైతే ఎరువు మొక్కలకు పనికిరాదు. పనస తొక్క వేయవచ్చు గానీ చిన్న ముక్కలుగా తరగాలి, ఆ జిగురు వదిలించుకునే ఓపిక ఉంటేనే. కొబ్బరి బొండాం వేస్తే మళ్లీ ఏడాది దాకా అలాగే కనిపిస్తుంది.

తడిది ఇలా ఇంట్లోనే ఆగిపోయాక పొడి చెత్త తీరే మారిపోయింది. తడి తగలని కాగితం, కవరు, సీసా నెల రోజులు మూల పెట్టినా వాసన రాదు, బొద్దింక రాదు. అప్పుడే పాత సామాన్ల అతనితో బేరం కుదురుతుంది.

అతను మూడు చక్రాల బండి మీద మైకు పెట్టుకుని వస్తాడు. పత్రికలకు అట్టపెట్టెల కన్నా ఎక్కువ ధర, ఇనుముకు వేరే ధర, అల్యూమినియానికి ఇంకా ఎక్కువ. కొక్కేనికి తగిలించే ఎలక్ట్రానిక్ త్రాసు వచ్చాక తూకం గొడవలు తగ్గాయి. అయినా ముందు సున్నా చూపించమని అడుగుతాను. నవ్వుతాడే గానీ చూపిస్తాడు. నాకు ముచ్చటేసేది పాల కవర్లను అతను పరీక్షించే తీరు. కట్టలోంచి ఒకటి లాగి, వేళ్ల మధ్య రాసి, ముక్కు దగ్గర పెట్టుకుంటాడు. కడిగి ఆరేసినవైతే ధర వేరు, పులుపు వాసన వస్తే కట్ట మొత్తం వెనక్కి. నూనె ప్యాకెట్ల దగ్గర ఎప్పుడూ పేచీయే. పాల కవరు కత్తిరించేటప్పుడు మూల పూర్తిగా తెగకుండా చూడండి. ఆ చిటికెన గోరంత ముక్క ఏ సంచిలోనూ ఆగదు, తిన్నగా కాలువలో పడుతుంది.

అతను తీసుకోనివి కూడా ఉన్నాయి. చిప్సు ప్యాకెట్లు, బిస్కెట్ల మెరుపు కాగితాలు, షాంపూ పొట్లాలు. వాటిలో ప్లాస్టిక్కు, అల్యూమినియం పొరలు విడదీయలేనంతగా అతికి ఉంటాయి. థర్మోకోల్ అయితే బండి నిండుతుంది గానీ త్రాసు కదలదు. ఇవన్నీ నీలం డబ్బాలోంచి కాపులుప్పాడ దారి పట్టాల్సిందే. వీటికి నాకు దొరికిన మందు కొనకపోవడం ఒక్కటే, ఇంట్లో పిల్లలుంటే ఆ మందూ పని చేయదు.

యాప్ సేవ గురించి ఎక్కువ చెప్పడానికి లేదు. పేరు చెప్పను. మొదటి నెలల్లో శుభ్రంగా ఉండేది. చెప్పిన రోజుకు వచ్చి, తూచి, డబ్బు ఫోనుకే పంపేవారు. తర్వాత ఇంత బరువుకు తగ్గితే రామన్నారు, ఆ తర్వాత వస్తామన్న రోజు మార్చడం మొదలెట్టారు, చివరికి మా ప్రాంతం జాబితాలోంచే పోయింది. ఒక్క మాట చెప్పలేదు. హాలులో కట్టలు కట్టి పెట్టుకున్న పత్రికలు ఎదురు చూస్తూ ఉండిపోయాయి. మూడు చక్రాల అతనికి యాప్ లేదు, కానీ వచ్చే వారం వస్తానంటే వస్తాడు.

పాత ఛార్జర్లు, పాడైన ఫోన్లు మాత్రం అతనికి ఇవ్వడం మానేశాను. రాగి కోసం తీగలు తగలబెట్టే చోటికి అవి చేరే అవకాశం ఉంది. ఈ-వ్యర్థాలకు 2023 ఏప్రిల్ 1 నుంచి కొత్త నిబంధనలు అమల్లో ఉన్నాయి, తయారీదారులే వాటిని రీసైక్లింగుకు చేర్చే బాధ్యత తీసుకోవాలి. కొత్త వస్తువు కొనేటప్పుడు పాతది వెనక్కి తీసుకుంటారా అని దుకాణంలో అడిగి ఇచ్చేస్తున్నాను. ఉబ్బిన ఫోను బ్యాటరీని మాత్రం ఏ డబ్బాలోనూ వేయకండి. చెత్తను నొక్కే లారీలో నలిగితే నిప్పు అంటుకుంటుంది.

ఇక సంచుల సంగతి. 120 మైక్రాన్ల కంటే తక్కువ మందం ఉన్న ప్లాస్టిక్ సంచులను 2022 చివరి నుంచి దేశమంతటా నిషేధించారు. రైతుబజారులో ఇప్పుడు చాలామంది రంగురంగుల, మెత్తటి సంచుల్లో కూరలు మోస్తున్నారు, బట్ట సంచులే కదా అన్న నమ్మకంతో. అవి బట్ట కాదు, పాలీప్రొపిలీన్, అంటే ప్లాస్టిక్కే. ఎండలో కొన్నాళ్లు ఉంచితే పొడిపొడిగా రాలుతుంది, ఆ పొడిని ఏరడం ఎవరి వల్లా కాదు. పాత పంచెతోనో లంగాతోనో కుట్టించుకున్న సంచి ఇంతకంటే చవక. చింతపండు, పప్పులకు నేను డబ్బాలే తీసుకెళతాను. మొదట కొట్టతను విసుక్కునేవాడు, ఇప్పుడు డబ్బా బరువు తీసేసి తూచడం అతనికీ అలవాటైంది.

మా చెల్లెలికి చెప్పింది ఇంతే. డ్రమ్ము ముందు కొను, డబ్బాల రంగుల గురించి తర్వాత ఆలోచించు. డాబా లేకపోతే బాల్కనీలో పేర్చే మట్టి కుండలు సరిపోతాయి, మీరు ఇద్దరే కాబట్టి. వాసన వస్తే నాకు ఫోను చెయ్యి, పారెయ్యకు. ఈ వానలకు నేను రెండో డ్రమ్ము పెట్టిస్తున్నాను, ఒకటి మాగుతుంటే ఇంకొకటి నింపుకోవచ్చని. యాప్ మాత్రం ఫోనులోంచి తీసేశాను.