కోరంగి మడ అడవి: పోటు, పాటు చూసుకుని వెళ్లండి

చొల్లంగి అమావాస్య వెళ్లిన మూడో రోజు మా అత్తయ్యగారిని, పిల్లలిద్దరినీ తీసుకుని కోరంగి అభయారణ్యం చూసొచ్చాం. కాకినాడ నుంచి యానాం వెళ్లే దారిలోనే ఉంటుంది.

బయలుదేరే ముందు ఆ రోజు పోటు (సముద్రపు నీళ్లు పైకెక్కే వేళ) ఎప్పుడో, పాటు (నీళ్లు వెనక్కి దిగే వేళ) ఎప్పుడో తప్పకుండా కనుక్కోండి. పడవ తిరగాలంటే కాలవలో నీళ్లుండాలి, మడ వేళ్లు చూడాలంటే నీళ్లు దిగిపోవాలి. రెండూ ఒకే గంటలో కుదరవు. అమావాస్య, పౌర్ణమి దాటిన రెండు మూడు రోజులు ఆ తేడా బాగా తెలుస్తుంది. అందుకే మేం పొద్దున పోటు మీద పడవెక్కి, మూడు దాటాక చెక్క వంతెన మీద నడిచాం.

పడవ నడిపినాయన పక్క ఊరి మత్స్యకారుడు. కొమ్మ మీద లకుముకి పిట్ట కనిపించగానే ఇంజన్ ఆపేశాడు. ఆ నిశ్శబ్దం కోసమే మళ్లీ వెళ్లాలనిపిస్తోంది. వెనకాల వచ్చిన ఇంకో పడవలో కుర్రాళ్లు స్పీకర్ పెట్టేసరికి పిట్ట ఎగిరిపోయింది. నాకు చాలా కోపం వచ్చింది. దయచేసి అడవిలోకి పాటలు తీసుకెళ్లకండి.

సాయంత్రం చూసిందే అసలైన అడవి. బురద నిండా పెన్సిళ్లు గుచ్చినట్టు వేలకొద్దీ వేళ్లు పైకి లేచి ఉన్నాయి. బురదలో గాలి ఆడదు కాబట్టి మడ చెట్టు వాటితోనే ఊపిరి తీసుకుంటుంది. వాటి మధ్య ఒక డెక్క మాత్రమే పెద్దగా ఉన్న చిన్న చిన్న పీతలు. అడుగు చప్పుడైతే చాలు, అన్నీ ఒక్కసారే బొరియల్లోకి. మా చిన్నాడు అరగంట కదల్లేదు.

అత్తయ్యగారి పుట్టిల్లు తాళ్లరేవు వైపు. వంతెన మీదికి వంగిన మడాకును తెంపకుండా వేలితో తుడిచి, "నాలిక మీద పెట్టుకో" అన్నారు పాపతో. ఉప్పు! వేళ్లు పీల్చిన ఉప్పులో కొంత ఆకు ఇలా బయటికి పంపేస్తుంది. పుస్తకంలో చదివి పదేళ్లుగా బళ్లో చెబుతున్నాను, రుచి చూడటం ఇదే మొదలు. 1996 తుపానప్పుడు మడ దట్టంగా ఉన్న వైపు గట్టు నిలబడిందని ఆవిడ చెబుతుంటే పిల్లలు చెట్ల వంక చూసే చూపే మారిపోయింది.

చేపలు పట్టి తినే బావురు పిల్లిని చూపిస్తామని మాత్రం పిల్లలకు ఆశ పెట్టకండి, అది ఎక్కువగా రాత్రిళ్లు తిరిగేది. దోమల మందు, టోపీ, స్టీలు సీసాలో నీళ్లు తీసుకెళ్లండి. ఖాళీ సంచి ఒకటి కూడా. మా సంచిలో ఇంటికొచ్చిన ఏడు చిప్స్ కవర్లలో ఒక్కటీ మాది కాదు.