పక్కింటి కుక్కకి అల్ట్రాసోనిక్ యంత్రం: కొనొచ్చా, వద్దా?

చెన్నై కాలనీల్లో ‘నాయ్ జాక్కిరదై’ (కుక్క ఉంది జాగ్రత్త) బోర్డులకి కొదవ లేదు. ఆ బోర్డు వెనకాల ఉన్నది మనిషి కనపడగానే గేటు మీదికి ఎగిరిపడే రకమైతే, పక్కింటివాళ్ళు ఫోనులో మొదట వెతికేది చేత్తో పట్టుకునే అల్ట్రాసోనిక్ యంత్రం, అంటే మనకి వినపడని శబ్దంతో కుక్కని బెదరగొట్టేది. చిన్న టార్చి ఆకారం, ముందు శబ్దం బయటికొచ్చే రెండో మూడో జల్లెడ మూతలు, పక్కన ఒక బటన్. ధర వెయ్యి నుంచి రెండు వేల మధ్య. పెట్టె మీద పేరు మారినా లోపల సరుకు దాదాపు ఒకటే కాబట్టి ఈ రివ్యూ ఏ ఒక్క బ్రాండు గురించీ కాదు.

వీధి మలుపులో ఎదురొచ్చే కుక్క మీద దీనికి ఐదుకి మూడు మార్కులు. పక్కింటి గేటు వెనక కుక్క మీద ఒకటి. అదీ బ్యాటరీ బాగుంటేనే.

మనిషి చెవికి 20 కిలోహెర్ట్జ్ దాటితే ఏమీ వినపడదు. కుక్కకి 45 దాకా వినపడుతుంది. యంత్రం 25 దగ్గర అరుస్తుంది. ఇంత సన్నని శబ్దాన్ని దారిలో గాలే మింగేస్తుంది, పైగా దూరం రెట్టింపైనప్పుడల్లా 6 డెసిబెల్స్ పోతాయి. అందుకే పెట్టె మీద యాభై అడుగులని రాసినా పది పన్నెండు అడుగుల అవతల పెద్దగా ఆశ పెట్టుకోకండి. టార్చి వెలుగులాగే ఇదీ తిన్నగా పోతుంది. మధ్యలో ఆపి ఉన్న కారు, కాంపౌండు గోడ, రేకు కొట్టిన గేటు ఉంటే అవతలికి చేరేది దాదాపు సున్నా. ముసలి కుక్కలకి ముందు పోయేది ఈ సన్నని శబ్దాల వినికిడే, వాటి మీద బటన్ నొక్కినా దండగే.

పక్కింటి కుక్క దగ్గర ఇది ఓడిపోవడానికి అసలు కారణం వేరే ఉంది. వీధి కుక్కకి వెనక్కి పోవడానికి వీధంతా ఉంది. గేటు వెనక కుక్క నిలబడింది దాని సొంత ఇంట్లో, అది ఎక్కడికి పోతుంది? పైగా మీరు రోజూ ఆ దారినే వెళ్తారు. అది మొరుగుతుంది, మీరు వెళ్ళిపోతారు, దాని లెక్కలో అదే గెలిచింది. ఇప్పుడు దానికి చెవిలో గుచ్చుకునే శబ్దం తోడైతే, మిమ్మల్ని చూడగానే చిరాకు రెండింతలవుతుంది. కొన్ని కుక్కలు పది రోజుల్లో అలవాటుపడి పట్టించుకోవడం మానేస్తాయి. కొన్ని మరింత రెచ్చిపోతాయి. అపార్ట్‌మెంట్ లిఫ్టులో, ఇరుకు కారిడార్‌లో మాత్రం దీన్ని బయటికే తీయకండి. శబ్దం నాలుగు గోడలకీ కొట్టుకుంటుంది, పారిపోవడానికి దారి లేని కుక్క కరుస్తుంది.

బయట వాడేటప్పుడు కుక్క పన్నెండు అడుగుల్లోకి వచ్చాకే ఛాతీ ఎత్తున పట్టుకుని రెండు మూడు సెకన్లు నొక్కి వదలాలి. వేళ్ళు జల్లెడ మూతల మీద పడకూడదు, చాలామంది చేసే పొరపాటు ఇదే. పక్కకి తిరిగి నిలబడి, కళ్ళలోకి చూడకుండా, మెల్లగా వెనక్కి జరగాలి. పరిగెత్తితే యంత్రం ఉన్నా లేనట్టే. అది కాలి దగ్గరికే వచ్చేస్తే బటన్ కోసం వెతక్కండి, చేతిలోని సంచీయో గొడుగో అడ్డం పెట్టండి. నిజానికి బటన్ నొక్కితే విచ్చుకునే గొడుగు ఈ యంత్రం కన్నా నమ్మకమైనది. ఠప్పున విచ్చుకునే నల్లటి గుడ్డ చూసి చాలా కుక్కలు ఆగుతాయి, ఆగనిది గుడ్డని కరుస్తుంది కానీ మిమ్మల్ని కాదు. చెన్నై ఎండకి ఎలాగూ కావాలి.

పని చేస్తోందో లేదో ఇంట్లో తేల్చుకోవడం కష్టం. ఫోన్ మైకు సాధారణంగా 24 కిలోహెర్ట్జ్ వరకే పట్టుకుంటుంది, కాబట్టి శబ్దం చూపించే యాప్‌లో గీత కనపడకపోతే యంత్రం చచ్చిందని కాదు. ఎర్ర లైటు వెలిగినంత మాత్రాన బాగున్నట్టూ కాదు, బ్యాటరీ నీరసించినా లైటు వెలుగుతూనే ఉంటుంది. 9 వోల్టుల బ్యాటరీ రకమైతే మూడు నెలలకోసారి మార్చేయడం మేలు. తిరువాన్మియూర్, బెసంట్ నగర్ వైపు ఉప్పుగాలికి లోపలి స్ప్రింగు పచ్చగా చిలుము పడుతుంది. వాడని రోజుల్లో బ్యాటరీ తీసి పెట్టండి.

అదే డబ్బు ఎక్కడ పెడితే ఫలితం ఉంటుందంటే, గేటు మీద. కమ్మీల సందుల్లోంచి మనిషి కనపడటమే సగం గొడవ. కంటికి ఆనకపోతే మొరుగుడు పూర్తిగా పోదు గానీ ఎగబడటం తగ్గుతుంది. చవకైనది పచ్చ షేడ్ నెట్, 90 శాతం ఎండని ఆపే రకం, రెండు మడతలు, కింద నుంచి కనీసం నాలుగడుగులు. రాట్‌వైలర్ లాంటి పెద్ద కుక్కకి ఐదు. జానెడుకో ప్లాస్టిక్ టై బిగించాలి. తెల్లవి ఎండకి పెళుసెక్కి పుటుక్కుమంటాయి, నల్లవి కొనండి. గోళ్ళతో చీల్చే కుక్కైతే నెట్ నిలవదు, 3 మిల్లీమీటర్ల ఏసీపీ షీటు (రెండు అల్యూమినియం రేకుల మధ్య ప్లాస్టిక్ ఉన్న పలక) స్క్రూలతో కొట్టించాలి. అప్పుడు ఈశాన్య రుతుపవనాల గాలికి గేటు తెరచాపలా ఊగి బందులు సడలుతాయి, కాబట్టి ముందు బందులు మార్పించాలి. కింద నీళ్ళు పోవడానికి రెండంగుళాలు చాలు. అంతకు మించితే అక్కడ మూతి దూరుతుంది. గడియ సంగతి కూడా చూడండి: పంజాతో కొడితే జారే అడ్డ గడియకి ఒక కొక్కెం తగిలిస్తే సరిపోతుంది. ఎవరో డెలివరీకి వచ్చి గేటు మూయకుండా పోయినప్పుడే కుక్క రోడ్డు మీదికి వస్తుంది. తనంతట మూసుకునే స్ప్రింగు బందు దీనికి మందు.

ఈ ఖర్చు న్యాయంగా పెట్టాల్సింది కుక్క యజమాని. సగం మేం పెట్టుకుంటామని అడిగితే తొందరగా ఒప్పుకుంటారు, యంత్రం ధర అందులో కలిసిపోతుంది. బయట తిప్పేటప్పుడు మజిల్ (కరవకుండా మూతికి తొడిగేది) గురించి మాటొస్తే బుట్ట రకమే అడగండి, ఎద్దు మూతికి కట్టే చిక్కంలా గాలి ఆడేది. మూతిని బిగించేసే గుడ్డ రకంలో కుక్క నోరు తెరిచి రొప్పలేదు. మే నెలలో అది ప్రాణం మీదికొస్తుంది.

‘మొరిగే కుక్క కరవదు’ అని నచ్చజెప్పే యజమాని దగ్గర వాదన పెట్టుకోకుండా తేదీ పడేలా వీడియోలు తీసి ఉంచండి. 2024 మేలో నుంగంబాక్కం దగ్గర కార్పొరేషన్ పార్కులో రెండు రాట్‌వైలర్లు ఐదేళ్ళ పాపని కరిచాక పెంపుడు కుక్కల లైసెన్సు మీద కార్పొరేషన్ పట్టు బిగించింది. లైసెన్సుకి రేబిస్ టీకా సర్టిఫికెట్ కావాలి, కాబట్టి ‘లైసెన్సు ఉందా సార్’ అని అడిగితే టీకా సంగతీ తేలుతుంది. కార్పొరేషన్‌కి ఫిర్యాదు 1913 నంబరుకి ఫోన్ చేసి. అజాగ్రత్తగా కుక్కని వదిలేసి మనుషుల ప్రాణానికి ముప్పు తెస్తే భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు, లేదా ఐదు వేల దాకా జరిమానా, లేదా రెండూ. కరిస్తే మాత్రం ఫిర్యాదు తర్వాత. ముందు కుళాయి కింద సబ్బుతో 15 నిమిషాలు కడగాలి, అదే రోజు టీకా మొదలెట్టాలి. కండకి వేసే టీకా అయితే 0, 3, 7, 14, 28 రోజుల్లో. రక్తం వచ్చిన గాయమైతే ఇమ్యునోగ్లోబులిన్ (రేబిస్‌ని వెంటనే అడ్డుకునే రెడీమేడ్ యాంటీబాడీల ఇంజెక్షన్) కూడా వేయించుకోవాలి.

ఇంత చదివాక కూడా యంత్రం కొంటానంటే, తిరిగి ఇచ్చే గడువు ఉన్నదే తీసుకోండి, చార్జింగ్ టైప్-సి ఉండేలా చూసుకోండి. పక్కింటాయన వరండాలో కూర్చుని ఉండగా ఆయన కుక్క వైపు మాత్రం గురిపెట్టకండి, ఆ తర్వాత గేటుకి షీటు కొట్టించమని అడగడానికి మీకు మొహం చెల్లదు.