క్షిపణి హెచ్చరికల చందా: విశాఖలోని ఒక షిప్పింగ్ కార్యాలయం నుంచి సమీక్ష

ఉత్తర కొరియా క్షిపణి ప్రయోగాల గురించి ఓడలకు, వాటిని నడిపించే కార్యాలయాలకు హెచ్చరికలు పంపే ఒక ప్రైవేటు చందా సేవను విశాఖపట్నంలోని మా కార్యాలయం కొంతకాలంగా వాడుతోంది. రష్యా తూర్పు కొసన ఉన్న వోస్తోచ్నీ రేవులో బొగ్గు నింపుకొని గంగవరం, విశాఖ రేవులకు వచ్చే ఓడలు జపాన్ సముద్రం మీదుగా దక్షిణానికి దిగి, కొరియా జలసంధి దాటి రావాలి కాబట్టి, ఆ దారిలో ఎప్పుడు ఏది వచ్చి పడుతుందో కనిపెట్టుకొని ఉండటం మా పనిలో భాగమైపోయింది. సేవ పేరు ఇక్కడ రాయడం లేదు. ఈ తరహా సేవ దేనికి చందా కట్టాలన్నా ముందుగా చూసుకోవలసిన విషయాలు ఇవే అన్న ఉద్దేశంతో రాస్తున్నాను.

నా అభిప్రాయం మొదటే చెబుతాను. క్షిపణి పైకి లేచిన తర్వాతి గంటలో ఈ సేవ నిజంగా పనికొస్తుంది. లేవకముందు దీనికి తెలిసేది దాదాపు ఏమీ లేదు. వారి ప్రకటనలో మాత్రం పెద్ద అక్షరాలతో ‘ముందస్తు హెచ్చరిక’ అని ఉంటుంది. ఆ మాట నమ్మి డబ్బు కట్టేవారు నిరాశపడతారు.

అందులో కంపెనీ తప్పు కంటే ఆ దేశపు పద్ధతి ఎక్కువ. మన బంగాళాఖాతంలో క్షిపణి పరీక్ష ఉన్నప్పుడు ప్రమాద ప్రాంతం హద్దులు అక్షాంశ రేఖాంశాలతో, తేదీలతో, గంటలతో సహా నావికులకు ముందే చేరుతాయి. ఈ ప్రాంతానికి నౌకాయాన హెచ్చరికల సమన్వయ బాధ్యత డెహ్రాడూన్‌లోని నేషనల్ హైడ్రోగ్రాఫిక్ ఆఫీసుది. ఆ కబురు మన ఫిషింగ్ హార్బర్‌లోని బోటు యజమానులకూ అందుతుంది. బాలిస్టిక్ క్షిపణి పరీక్షలను ఒకరికొకరు ముందుగా తెలుపుకోవాలన్న ఒప్పందం మనకూ పాకిస్తాన్‌కూ మధ్య 2005 నుంచి ఉంది. ప్రయోగాలను ముందుగా తెలపమని దేశాలను కోరే హేగ్ ప్రవర్తనా నియమావళిలో కూడా 2016లో భారత్ చేరింది. ఉత్తర కొరియా అంతర్జాతీయ సముద్రయాన సంస్థలో సభ్యదేశమే అయినా, ఉపగ్రహ ప్రయోగాలను మాత్రమే ఒక్కోసారి ముందుగా తెలుపుతుంది, ఆయుధ పరీక్షలను తెలపదు. 2023 మే నెలాఖరులో ఆ సంస్థకు చెందిన సముద్ర భద్రతా సంఘం ఈ ప్రయోగాలను ఖండిస్తూ తీర్మానం చేస్తే, ఇకమీదట అసలు ముందుగా చెప్పబోమన్నట్టు ప్యాంగ్యాంగ్ నుంచి జవాబు వచ్చింది. ఆ సంవత్సరమే నవంబరులో గూఢచార ఉపగ్రహాన్ని పంపే ముందు జపాన్‌కు తేదీలు తెలిపారు. కానీ 22వ తేదీ మొదలు అని చెప్పిన రాకెట్టును 21 రాత్రి పదకొండు కాకముందే వదిలేశారు. తాము స్వయంగా ప్రకటించిన సమయాన్నే పాటించని వారి గురించి ఏ కంపెనీ అయినా ముందస్తు సమాచారం అమ్ముతానంటే, అది జాతకం చెప్పడం లాంటిదే.

ఇక లేచిన తర్వాత సంగతి. ఈ సేవ విలువ మీకు ఎంత అన్నది ప్రయోగించిన క్షిపణి రకాన్ని బట్టి ఉంటుంది. అమ్మకపు ప్రతినిధి ఈ విషయం చెప్పడు. తక్కువ దూరం పోయే క్షిపణి కొద్ది నిమిషాల్లో సముద్రంలో పడిపోతుంది. హెచ్చరిక ఫోనుకు చేరి, ఎవరో చూసి, ఓడకు చెప్పే లోపల కథ ముగిసి ఉంటుంది. ఖండాంతర క్షిపణి విషయం వేరు. జపాన్ మీదుగా పోకుండా ఉండేందుకు వాటిని ఎక్కువగా దాదాపు నిట్టనిలువుగా పైకి వదులుతున్నారు కాబట్టి, దగ్గర్లోనే పడినా ఎంతోసేపు గాలిలో ఉంటాయి. 2022 నవంబరు 18న వదిలిన హ్వాసాంగ్-17 ఆరువేల కిలోమీటర్ల ఎత్తుకు వెళ్ళి, గంటకు పైగా ప్రయాణించి, జపాన్ ఉత్తర దీవి హొక్కైడోకు పడమరగా, జపాన్ ప్రత్యేక ఆర్థిక మండలిలోనే (తీరం నుంచి 200 నాటికల్ మైళ్ళ వరకు ఆ దేశానికి ఆర్థిక హక్కులున్న సముద్రం) పడింది. 2023 జులై 12 నాటి ఘన ఇంధనపు హ్వాసాంగ్-18 సుమారు 74 నిమిషాలు ఎగిరింది. 2024 అక్టోబరు 31 నాటి హ్వాసాంగ్-19 ఏడువేల కిలోమీటర్ల ఎత్తు దాటి, దాదాపు గంటన్నర గాలిలో ఉంది. గంట సమయం దొరికితే ఓడ పది పన్నెండు నాటికల్ మైళ్ళు జరగగలదు, డెక్కు మీద పనిచేసేవాళ్ళను లోపలికి పిలవగలదు, చుట్టూ చూసే మనిషిని అదనంగా పెట్టుకోగలదు. ఘన ఇంధనం వచ్చాక ఉపగ్రహ చిత్రాల్లో ముందస్తు సన్నాహాలు కనిపించే అవకాశం కూడా తగ్గింది. ద్రవ ఇంధనం నింపే వాహనాలూ ఆ హడావుడీ అవసరం లేకపోవడంతో, కంపెనీ వారి ‘సన్నాహాల సూచిక’ అనే విభాగం రోజురోజుకూ అలంకారంగా మిగిలిపోతోంది.

అక్టోబరు 31 నాటి హెచ్చరికనే ఉదాహరణగా తీసుకుంటాను. కొరియాలో ఉదయం 7.10 అయితే మనకు తెల్లవారుజామున 3.40. నిద్రలో ఫోను మోగితే చూశాను. మొదటి పంక్తిలో ప్రయోగ సమయం, రెండో పంక్తిలో ప్యాంగ్యాంగ్ పరిసరాల నుంచి తూర్పు దిశగా అన్న మాట, మూడో పంక్తిలో జపాన్ తీర రక్షక దళం సూచన ఉన్నాయి: ఓడలు తదుపరి సమాచారం కోసం వేచి ఉండాలి, పడిన వస్తువు ఏదైనా కనబడితే దగ్గరికి పోకుండా తెలియజేయాలి. దాని కింద ఒక పటం. కొరియా జలసంధిలోని సుషిమా దీవి దాటి ఉత్తరానికి వెళ్తున్న మా ఓడ ఒక చిన్న త్రికోణంగా, అంచనా వేసిన పతన ప్రాంతం పైన ఎర్ర వలయంగా, రెంటి మధ్య దూరం నాటికల్ మైళ్ళలో కనిపిస్తున్నాయి. నేను ఈ సేవకు ఇచ్చే మార్కుల్లో సగం ఆ ఒక్క పటానికే. ఓడకు సందేశం పంపితే, భీమిలికి చెందిన మా ఓడ కెప్టెన్ గారి జవాబు ఇది: “మాకు నావ్‌టెక్స్‌లో ముందే వచ్చిందండీ. అది చాలా ఉత్తరాన, మనకు సంబంధం లేదు. మీరు పడుకోండి.”

ఆ జవాబులో చిన్న చురక ఉంది, న్యాయం కూడా ఉంది. నావ్‌టెక్స్ రిసీవరు ప్రతి ఓడలోనూ ఎలాగూ ఉంటుంది. 518 కిలోహెర్ట్జ్ మీద తీర కేంద్రం పంపే సందేశాన్ని ఖర్చు లేకుండా అందుకుంటుంది. నౌకాయాన హెచ్చరికలు, తుపాను హెచ్చరికలు, గాలింపు సందేశాలను ఓడ అధికారులు వద్దనుకున్నా ఆపివేయడం కుదరకుండా దాన్ని తయారుచేశారు. తీరానికి దూరంగా ఉన్న ఓడకు ఉపగ్రహం ద్వారా అదే సమాచారం వస్తుంది. ఆ సముద్రానికి నౌకాయాన హెచ్చరికల సమన్వయకర్త జపానే. అంటే మనం డబ్బు కట్టి తెప్పించుకుంటున్న వాక్యం ఓడ బ్రిడ్జి మీద ఉచితంగా వచ్చిన వాక్యమే. చందా ఓడకు కాదు, ఒడ్డున ఉన్న కార్యాలయానికి. ఒకేసారి ఆ ప్రాంతంలో మూడు నాలుగు ఓడలున్న యాజమాన్యానికి, ఏది ఎంత దూరంలో ఉందో ఒక్క తెర మీద కనబడటం పనికొచ్చే విషయమే. ఏడాదికి రెండు మూడు సార్లు ఒక ఓడ అటు పోయే చిన్న సంస్థకు మాత్రం అది దండగ ఖర్చు.

పాత ప్రయోగాల జాబితా వీరి సేవలో నాకు బాగా నచ్చిన రెండో భాగం. 1998 ఆగస్టు 31న జపాన్ మీదుగా పోయిన తేపోడాంగ్ మొదలుకొని, తేదీ, రకం, పడిన చోటు వరసగా ఉంటాయి. 2016 ఆగస్టులో మొదటిసారి ఒక క్షిపణి జపాన్ ప్రత్యేక ఆర్థిక మండలిలో పడింది. 2017 మార్చి 6న నాలుగు ఒకేసారి వదిలితే మూడు అదే మండలిలో పడ్డాయి. ఆ ఏడాది జులై 28 నాటి ప్రయోగం సమయంలో టోక్యో నుంచి పారిస్ వెళ్తున్న ఒక ప్రయాణికుల విమానం, క్షిపణి పడిన చోటికి సుమారు వంద కిలోమీటర్ల దూరంలో కొద్ది నిమిషాల ముందే దాటిపోయింది. 2022 అక్టోబరు 4న జపాన్ మీదుగా వెళ్ళినది దాదాపు 4,600 కిలోమీటర్లు పోయి పసిఫిక్‌లో పడింది. సరుకు కిరాయిదారులకు, బీమా వారికి దారి గురించి వివరణ రాయవలసి వచ్చినప్పుడు ఈ జాబితా గంటల పని తగ్గిస్తుంది. ఒక లోపం ఉంది. 2010 మార్చి 26న 46 మంది నావికుల ప్రాణాలు తీసిన దక్షిణ కొరియా యుద్ధనౌక చోనాన్ ఘటనను, అదే ఏడాది నవంబరులో యోన్‌ప్యాంగ్ దీవి మీద జరిగిన ఫిరంగి దాడిని కూడా క్షిపణి ప్రయోగాల పట్టికలోనే కలిపేశారు. అవి పడమటి వైపు పసుపు సముద్రంలోని వివాదాస్పద సరిహద్దు రేఖ దగ్గర జరిగిన దాడులు. వోస్తోచ్నీ దారిలో పోయే ఓడకు వాటితో పని లేదు, పడమటి తీరాన ఉన్న దక్షిణ కొరియా రేవు ఇంచియాన్ వెళ్ళే ఓడకు మాత్రం అవే ముఖ్యం.

రంగుల విషయంలో మాత్రం నాకు ఓపిక నశించింది. ఖండాంతర క్షిపణికీ ఎరుపే, ప్యాంగ్యాంగ్ నుంచి వచ్చిన ఘాటు ప్రకటనకూ ఎరుపే. 2024లో దక్షిణ కొరియా మీదికి చెత్త బెలూన్లు పంపినప్పుడు, అక్టోబరులో సరిహద్దు దగ్గరి రోడ్లను పేల్చేసినప్పుడు కూడా మా ఫోన్లు ఎర్రగా మోగాయి. బెలూన్ వల్ల బొగ్గు ఓడకు వచ్చే ప్రమాదం ఏమిటో వారి సహాయ కేంద్రాన్ని అడిగితే, ‘మొత్తం ఉద్రిక్తత స్థాయిని దృష్టిలో ఉంచుకొని’ అని జవాబు వచ్చింది. ఇలా పదిసార్లు అనవసరంగా మోగితే, పదకొండోసారి అవసరమైనది మోగినా ఎవరూ లేచి చూడరు. పైగా సిబ్బంది కుటుంబాలకు ఉచితమంటూ ఒక చిన్న యాప్ ఇచ్చారు. దానిలో ఓడ ఉన్న చోటు కనబడదు, దూరం కనబడదు, తెలుగూ లేదు. ఎర్ర పట్టీ మీద ఇంగ్లీషులో ‘క్షిపణి’ అన్న మాట మాత్రం కనబడుతుంది. కంచరపాలెం నుంచి ఒక తల్లి తెల్లవారకముందే కార్యాలయం నంబరుకు ఫోను చేసి, “బాబూ, మావాడి ఓడ బానే ఉందా?” అని అడిగింది. ఆ అబ్బాయి ఓడ అప్పటికి సింగపూర్ దాటి అండమాన్ వైపు వస్తోంది. ఆ యాప్‌ను కుటుంబాలకు ఇవ్వవద్దని మా కార్యాలయంలో ఆ తర్వాత నిర్ణయించుకున్నాం.

జీపీఎస్ అంతరాయాల విషయంలో సేవ బలహీనం, నిజానికి అసలు బలం చూపవలసింది అక్కడే. క్షిపణి పడే చోట ఓడ ఉండే అవకాశం చాలా తక్కువ. సరిహద్దు అవతలి నుంచి జీపీఎస్ సంకేతాలను చెడగొడితే మాత్రం ఆ చుట్టుపక్కల ఉన్న ప్రతి ఓడకూ ఇబ్బందే. 2012లో ఇలాంటి అంతరాయం వెయ్యికి పైగా విమానాలను, రెండు వందలకు పైగా ఓడలను తాకింది. 2016 వసంతంలో చేపల పడవలు వేట మానుకొని వెనక్కి రావలసి వచ్చింది. 2024 మే నెలాఖరులో మళ్ళీ మొదలైంది. ఈ సేవలో ఆ సమాచారం వారాంతపు నివేదికలో ఒక పేరాగా వస్తుంది. పసుపు సముద్రంలోకి వెళ్ళే ఓడలున్న వారు రాడార్ మీద, తీరపు గుర్తుల మీద స్థానం సరిచూసుకునే పాత అలవాటును నమ్ముకోవడం మేలు.

ఆంక్షల తనిఖీ విభాగానికి వేరే రుసుము ఉంది. బొగ్గు వ్యాపారంలో ఉన్నవారికి ఇది ఆకర్షణీయంగా కనిపిస్తుంది, ఎందుకంటే భద్రతా మండలి 2017 ఆగస్టులో 2371వ తీర్మానంతో ఉత్తర కొరియా బొగ్గు ఎగుమతిని పూర్తిగా నిషేధించింది; ఆ డిసెంబరులో వచ్చిన 2397వ తీర్మానం అనుమానిత ఓడలను రేవుల్లో పట్టి ఉంచే అధికారం కూడా ఇచ్చింది. ఆ దేశపు బొగ్గుతో పట్టుబడిన వైజ్ హానెస్ట్ అనే ఓడను 2018లో ఇండొనేషియా ఆపింది, మరుసటి ఏడాది అమెరికా స్వాధీనం చేసుకుంది. అయితే ఈ విభాగంలోని ఓడల వివరాల్లో అధిక భాగం ఐక్యరాజ్యసమితి నిపుణుల బృందం నివేదికల నుంచి తీసుకున్నవి. రష్యా వీటో వల్ల ఆ బృందం గడువు 2024 ఏప్రిల్ 30తో ముగిసిపోయింది. ఆ తర్వాత పేరు, జెండా మార్చుకున్న ఓడల గురించి మేము వెతికితే పాత పేర్లే దొరికాయి. ఈ విభాగానికి మేము డబ్బు ఆపేశాం. కిరాయికి తీసుకునే ఓడ కదలికలను మా బ్రోకరు చేతే నేరుగా తనిఖీ చేయిస్తున్నాం.

చందా మళ్ళీ కట్టేటప్పుడు పటం, పాత జాబితా, జపాన్ హెచ్చరికల బదిలీ ఉన్న కనీస ప్యాకేజీ మాత్రమే తీసుకున్నాం. హెచ్చరికను ఓడకు ఎంత దూరంలో పడితే మోగించాలో మనమే నిర్ణయించుకునే సదుపాయం అందులో ఉంది, కానీ సెట్టింగుల్లో ఎక్కడో అడుగున దాచారు. ‘ఓడలు’ అన్న పేజీలో ఒక్కో ఓడ పేరు మీద నొక్కితేనే కనబడుతుంది. దాన్ని మూడు వందల నాటికల్ మైళ్ళకు పెట్టుకున్నాక, తెల్లవారుజామున ఫోను మోగడం చాలావరకు ఆగింది.