గోడ చిల్లులకు లప్పం పొడి: ఆరేళ్లు వాడాక నా మాట

మేకు పీకిన చోట, డ్రిల్లింగ్ చేసి వదిలేసిన చోట గోడకు మిగిలిపోయే చిల్లుల కోసం నేను ఆరేళ్లుగా వాడుతున్నది వైట్ సిమెంట్ పుట్టీ పొడి. చాలామంది పెయింటర్లు లప్పం అనేది దీన్నే. రెండు ఫ్లాట్లలో కలిపి ఇప్పటికి నలభైకి పైగా చిల్లులు పూడ్చాను. ఇప్పుడున్న ఇంట్లో మొదట పూడ్చినవాటికి నాలుగేళ్లు నిండాయి. రోజూ కళ్లెదుటే ఉంటాయి కనుక ఏది నిలిచిందో, ఏది ఊడిందో చూసే చెబుతున్నాను.

ముందు టూత్‌పేస్ట్ సంగతి. చిన్న మేకు చిల్లుకు అది చాలని చాలామంది అంటారు. నేనూ తెల్ల గోడకు పెట్టి చూశాను. ఆ రోజు బాగానే కనిపించింది. ఆరాక కుంచించుకుపోయి మధ్యలో గుంట పడింది, కొన్ని నెలలకు పసుపు రంగుకు తిరిగింది. పైన వేసిన రంగు పొరలా లేచిపోయింది. ఎండిన పేస్టునంతా తోడి తీసి మళ్లీ పూడ్చడానికి రెండింతలు సమయం పట్టింది. దయచేసి ఆ పని మాత్రం చేయకండి.

ప్లాస్టర్ ఆఫ్ పారిస్ కూడా వాడాను. కలిపిన పది పదిహేను నిమిషాల్లో బిగుసుకుంటుంది కాబట్టి ఒకటి రెండు చిల్లుల కోసం కలిపితే సగం గిన్నెలోనే వృథా. బిగుసుకుంటున్నదాంట్లో మళ్లీ నీళ్లు పోస్తే బలం పోతుంది. ఆరేటప్పుడు కుంచించుకోదు కనుక లోతైన గుంటలకు మంచిదే. కానీ తేమకు అస్సలు ఆగదు. బాత్‌రూమ్ పక్క గోడకు పెట్టింది ఏడాది తిరిగేసరికి పిండిలా రాలింది.

లప్పంతో ఆ తొందర లేదు. కలిపాక గంటకు పైగా మెత్తగానే ఉంటుంది, నింపాదిగా పది చిల్లులు పూడ్చుకోవచ్చు. సిమెంట్ ప్లాస్టర్‌ను గట్టిగా పట్టుకుంటుంది. డబ్బాలో వచ్చే రెడీమేడ్ పేస్ట్‌తో పోలిస్తే కిలో ప్యాకెట్ చాలా చవక. మేకు చిల్లులు రెండో మూడో ఉంటే ఆ పేస్టే సులువు, ఒప్పుకుంటాను. ఇల్లు ఖాళీ చేసే ముందు ఇరవై చిల్లులు పూడ్చాల్సి వస్తే మాత్రం పొడే నయం. ఇదంతా సిమెంట్ గోడల గురించి చెబుతున్న మాట. జిప్సమ్ బోర్డు గోడలకు వాటి కోసమే చేసిన జాయింట్ కాంపౌండ్ వేరే ఉంటుంది.

మొదటి ఏడాది నేను పూడ్చినవాటిలో మూడు ఊడిపోయాయి. వేలితో కదిపితే బిరడాల్లా చేతిలోకి వచ్చేశాయి. అప్పుడు పొడి నాసిరకం అనుకున్నాను. కాదు, నేను చిల్లును తడపలేదు. ఎండిన ప్లాస్టర్ లప్పంలోని నీటిని పీల్చేసుకుంటే సిమెంట్ గట్టిపడటానికి నీళ్లే మిగలవు. పైగా డ్రిల్లింగ్ దుమ్ము లోపలే ఉంటే లప్పం గోడకు అంటుకోదు, దుమ్ముకు అంటుకుంటుంది. అప్పటి నుంచి ముందు పాత టూత్‌బ్రష్‌తో లోపలంతా దులిపి, తర్వాత నీళ్లు చిలకరించి, ఆ చెమ్మ మీదే పూడుస్తున్నాను. ఆ తర్వాత ఒక్కటీ ఊడలేదు.

స్క్రూ పట్టు కోసం చిల్లులో దిగ్గొట్టిన ప్లాస్టిక్ ప్లగ్గు ఇరుక్కుంటే స్క్రూను సగం దాకా తిప్పి, దాని తలను కటింగ్ ప్లయర్‌తో పట్టి లాగండి, ప్లగ్గు దాంతోపాటే వస్తుంది. మొండికేస్తే లోపలికి నెట్టేసి పైన పూడ్చినా ఇబ్బంది లేదు. చిల్లు చుట్టూ ఉబ్బిన రంగును మాత్రం బ్లేడుతో గీకేయాలి. లేకపోతే ఎంత రుద్దినా అక్కడ బొడిపె కనిపిస్తూనే ఉంటుంది.

నేను ఐదు చెంచాల పొడికి రెండు చెంచాల నీళ్లు పోస్తాను, అవసరమైతే ఇంకాస్త. లప్పం అద్దే పలుచటి రేకు పట్టీని వంచినా జారకుండా నిలిచేంత చిక్కగా ఉండాలి. పట్టీ లేకపోతే పనికిరాని ప్లాస్టిక్ కార్డు చాలు. లోతు చిల్లును ఒకేసారి నింపితే నడుమ సన్నటి చీలిక వస్తుంది. మొదటి రోజు గోడ మట్టానికి రెండు మిల్లీమీటర్లు తక్కువగా నింపి, మర్నాడు పైపూత వేస్తాను. ఆ పూత ఆరిన మర్నాడే 180 నంబరు గరుకు కాగితంతో, ఆపై 220తో రుద్దాలి. వారం ఆగితే రాయిలా బిగిసి చేతులు పడిపోతాయి. రుద్దేటప్పుడు మాస్క్ తప్పనిసరి. చాలా పాత ఇళ్ల రంగుల్లో సీసం ఉండొచ్చు కనుక అక్కడ పొడిగా రుద్దకండి, తడిపి రుద్దండి.

అసలు టెన్షన్ రంగు దగ్గరే. ప్రైమర్ వేయకుండా రంగు వేస్తే లప్పం దాన్ని పీల్చేసుకుని ఆ చోటు మాత్రం వెలిసినట్టు మచ్చగా మిగులుతుంది. అదే డబ్బాలో మిగిలిన రంగు వేసినా, గోడ ఏళ్ల తరబడి వెలుతురుకు మారిపోయి ఉంటుంది కాబట్టి తేడా తెలుస్తుంది. తెల్ల గోడల మీద నా పూడ్పులు ఎక్కడున్నాయో నాకే గుర్తు రాదు. హాల్లో లేత నీలం గోడ మీద మాత్రం సాయంత్రం ఏటవాలు వెలుగు పడినప్పుడు నాలుగూ కనిపిస్తాయి. బ్రష్‌తో వేయడం నా పొరపాటు. గోడంతా రోలర్‌తో వేసిన రంగు కాబట్టి చిన్న రోలర్‌తోనే అద్దాల్సింది.

లోపాలూ ఉన్నాయి. విప్పిన ప్యాకెట్ గాలిలోని తేమను పట్టి గడ్డలు కడుతుంది. గాలి చొరని డబ్బాలో పోసినా ఏడాది దాటిన పొడిని నేను నమ్మను. పూడ్చిన చోట మళ్లీ స్క్రూ బిగిస్తే బరువు ఆగదు, కనీసం ఐదు సెంటీమీటర్లు జరిపి కొత్త చిల్లు వేసుకోవాలి. సిమెంట్ క్షారం వల్ల చేతులు పొడిబారిపోతాయి, గ్లౌజులు వేసుకోండి.

ప్రస్తుతం వంటింటి సింకు పైన ఒక్క చిల్లు మిగిలే ఉంది. లోపల వేలు పెడితే చెమ్మ తగులుతోంది. పైపు ఎక్కడ కారుతోందో తేలేదాకా దాన్ని అలాగే తెరిచి ఉంచాను.