చెరకా, తవుడా? షిఫ్ట్ కెమిస్టుకు ఏది మేలు?

కెమిస్ట్రీ చదివి, హైదరాబాద్ ఫార్మా ల్యాబులకు పోకుండా గోదావరి జిల్లాల్లోనే ఫ్యాక్టరీ ఫ్లోరు మీద పని చేద్దామనుకునేవాళ్లకు నా దృష్టిలో చూడదగ్గవి రెండు: చక్కెర ఫ్యాక్టరీ, తవుడు నూనె రిఫైనరీ. భీమవరం వైపు రొయ్యల ప్లాంట్లలోనూ కెమిస్టులను తీసుకుంటారు గానీ, అక్కడ పనంతా యాంటీబయాటిక్ అవశేషాల పరీక్షల చుట్టూ తిరుగుతుంది. అది ల్యాబ్ ఉద్యోగం. లైను మొరాయిస్తే కెమిస్టును పిలిచే చోటు గురించే నేను చెప్పేది.

చక్కెర ఫ్యాక్టరీలో తప్పు ఎక్కువసేపు దాగదు. రసానికి సున్నపు పాలు కలిపి, గంధకం కాల్చిన వాయువు పట్టించి, పీహెచ్‌ను 7 దగ్గర నిలబెట్టాలి. అది కిందికి జారితే వేడికి చక్కెర విరిగిపోయి, బస్తాలోకి రావాల్సింది మడ్డి పాకంలో, అంటే మొలాసిస్‌లో పోతుంది. పైకి పోతే రసం రంగెక్కుతుంది. ఆ షిఫ్టులోనే తేడా కనిపిస్తుంది కాబట్టి కొత్తవాళ్లు త్వరగా నేర్చుకుంటారు.

అసలు పరీక్ష పాన్ దగ్గర, అంటే పాకాన్ని వాక్యూమ్‌లో మరిగించి పలుకు కట్టించే పాత్ర దగ్గర. నరికిన చెరకు ఎండలో ఆగిపోతే బ్యాక్టీరియా చేరి డెక్స్‌ట్రాన్ అనే జిగురు పుడుతుంది. రసం సరిగా తేరదు, పాకం మరగడం నెమ్మదిస్తుంది, పంచదార పలుకులు పొడుగ్గా సాగుతాయి. పాన్‌మ్యాన్ “వాక్యూమ్ అందట్లేదండీ” అంటాడు. ఇంజినీరు “వాక్యూమ్ బానే ఉంది, రసమే బాలేదు” అంటాడు. అప్పుడు కెమిస్టు యార్డులోకి వెళ్లి, ఏ లారీ ఎప్పుడొచ్చిందో టోకెన్ల మీద చూసుకోవాలి. చాలాసార్లు జవాబు అక్కడే దొరుకుతుంది.

బాయిలర్‌కు తిరిగి వెళ్లే నీటికి ఆల్ఫా నాఫ్తాల్ పరీక్ష కూడా మన పనే. ఊదా రంగు వలయం కనిపించిందంటే ఆ నీళ్లలో చక్కెర చేరినట్టే. అర్ధరాత్రి అయినా ఆ నీటిని పక్కకు మళ్లించమని షిఫ్ట్ కెమిస్టు చెబితే ఎవరూ వాదించరు. ఈ మాట చెల్లుబాటు చిన్న విషయం కాదు.

మరి ఇబ్బంది ఎక్కడంటే, గానుగ ఆడేది ఏడాదిలో కొన్ని నెలలే. పైగా డెల్టాలో చెరకును వరి, చేపల చెరువులు పక్కకు నెట్టేశాయి.

తవుడు తీరు వేరు. వరికి సార్వా పంట ఉంది, దాళ్వా పంట ఉంది, మండపేట నుంచి తాడేపల్లిగూడెం దాకా రైస్ మిల్లులున్నాయి. పని ఏడాది పొడుగునా ఉంటుంది. కానీ ఇక్కడ జబ్బు గేటు దాటకముందే మొదలవుతుంది. బియ్యం పాలిష్ పట్టిన క్షణం నుంచి తవుడులోని లైపేజ్ అనే ఎంజైమ్ నూనెను విరగ్గొడుతూ ఉంటుంది. గంటగంటకూ ఎఫ్‌ఎఫ్‌ఏ, అంటే విడి కొవ్వు ఆమ్లం, పెరుగుతుంది. ఉప్పుడు బియ్యం తవుడులో ఈ బాధ తక్కువ, ధాన్యం ఉడికినప్పుడే ఎంజైమ్ చచ్చిపోతుంది.

లోపలికొచ్చాక చిక్కులు ఇంకా ఉన్నాయి. జిగురు సరిగా తీయకుండా, ఫాస్ఫరస్ 5 పీపీఎం లోపుకు దించకుండా నూనెను వాసన తీసే 240 డిగ్రీల డియోడరైజర్‌లోకి పంపితే రంగు నల్లబడి అలాగే ఉండిపోతుంది. ఇక ఎంత మట్టి వేసి బ్లీచ్ చేసినా పెద్దగా లాభం లేదు. మైనం మిగిలితే చలికాలంలో సీసా మబ్బుగా కనిపించి దుకాణాల నుంచి ఫిర్యాదులొస్తాయి. కాస్టిక్‌తో ఆమ్లం తీస్తే పని సులువే, కానీ లేబుల్ మీద గొప్పగా రాసుకునే, తవుడు నూనెలోని యాంటీఆక్సిడెంట్ ఒరైజనాల్‌లో ఎక్కువ భాగం సబ్బు మడ్డితో పోతుంది. అంటే మూల కారణం వెతకడానికి రిఫైనరీలో నాలుగు మెట్లు వెనక్కి నడవాలి. బుర్రకు పదును పెట్టేది ఇదే.

టెన్షన్ కూడా ఇక్కడే ఎక్కువ. తవుడులోంచి నూనె లాగడానికి వాడే ద్రావకం హెక్సేన్. దాని ఆవిరి గాలికన్నా బరువు, కాలువల్లో, గుంటల్లో పేరుకుంటుంది, చిన్న నిప్పురవ్వ చాలు. నూనె పీల్చిన బ్లీచింగ్ మట్టిని కుప్పగా వదిలేస్తే దానంతటదే అంటుకోగలదు. వీటికి తోడు మనుషుల ఒత్తిడి. తవుడుకు మిల్లువాడికొచ్చే రేటు, ఎఫ్‌ఎఫ్‌ఏ ఎంతో తేల్చే మీ టైట్రేషన్ మీద ఆధారపడుతుంది. “కాస్త చూసి రాయండి సార్” అనేవాళ్లకు కొదవుండదు. చక్కెర ఫ్యాక్టరీలో ఈ గొడవ తక్కువ, రైతుకు టన్నుల లెక్కనే డబ్బిస్తారు కాబట్టి.

నన్నడిగితే తవుడు నూనెకే ఓటు. ఏడాదంతా పని దొరుకుతుంది, సమస్య మూలం దాకా వెళ్లే అలవాటు పడుతుంది. ఒక్క మినహాయింపు ఉంది: చక్కెరతో పాటు రసాయనాలూ తయారుచేసే కంపెనీ అయితే లెక్క మారుతుంది. 1947లో మొదలైన తణుకు ఆంధ్రా షుగర్స్ కొవ్వూరులో కాస్టిక్ సోడా, తణుకులో ఆస్పిరిన్, ఇస్రోకు రాకెట్ ఇంధనం దాకా వెళ్లింది. అలాంటి చోట చెరకు సీజన్ అయిపోయినా కెమిస్టు నేర్చుకునేది అయిపోదు.

రిఫైనరీ ఇంటర్వ్యూకు వెళ్తే ఒక్క ప్రశ్న తప్పక అడగండి. ఎఫ్‌ఎఫ్‌ఏ మితిమీరిన లారీని వెనక్కి పంపేది కెమిస్టు సంతకమా, కొనుగోలు మేనేజరు ఫోనా? ఫోనే అయితే ఆ ఉద్యోగం కన్నా చెరకు సీజనే నయం.